చలికాలంలో ఇంటికి చౌకైన వెచ్చదనం

డిసెంబరు, జనవరి నెలల్లో మన ఏజెన్సీ గ్రామాల్లోను, ఆదిలాబాదు ప్రాంతంలోను చలి ఎంత కఠినంగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో చలికాలపు రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. ఇటువంటి చోట్ల గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు ఒక ఇంట కరెంటు హీటరును, మరొక ఇంట నిప్పుల కుంపటిని మేము చూస్తుంటాము. మొదటిది డబ్బు తింటుంది. రెండవది ప్రాణమే తీయగలదు.

ముందు డబ్బు సంగతి చూద్దాము. 1,000 వాట్ల హీటరు గంటసేపు వాడితే ఒక యూనిట్ కాలుతుంది. రోజుకు 4 గంటలైతే నెలకు 120 యూనిట్లు. వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి యూనిట్ ధర కూడా పెరుగుతుంది. ఇంతా చేసి ఆ వేడి తలుపు సందుల్లోంచి బయటికే పోతుంది.

కాబట్టి కొత్తగా వేడి పుట్టించడం కంటె ఉన్న వేడిని నిలుపుకోవడం మేలు. పగలు ఎండ తగిలేలా తలుపులు, కిటికీలు తెరిచి, పొద్దు వాలకముందే మూయాలి. గడప కింది సందుకు పాతబట్టలు కుక్కిన గోనె చుట్ట అడ్డం పెట్టాలి. కిటికీకి పాత దుప్పటి రెండు మడతలుగా వేలాడదీస్తే చాలు. నేల చలి ఒంటికి ఎక్కకుండా పక్క కింద ఎండుగడ్డి, దాని మీద చాప, ఆపైన బొంత పరచాలి. దుప్పట్లు ఒకదానిపై ఒకటి కప్పుకుంటే పొరల మధ్య గాలి నిలిచి వేడిని పోనివ్వదు. పసిపిల్లలకు, వృద్ధులకు తల, పాదాలు కప్పి ఉంచాలి. పిల్లలు పడుకునేటప్పుడు ముఖం మాత్రం మూయరాదు.

ఇక ప్రాణం సంగతి. బొగ్గులు ఎర్రగా కాలుతున్నప్పుడు పొగ రాదు గనుక కుంపటి వల్ల భయం లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వాటినుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలో చేరి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి దాని గుర్తులు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులైనా తెలియవు, ఇక లేవరు. సందులు మూసిన గదిలో ఈ అపాయం మరీ ఎక్కువ.

అందుచేత కుంపటిని ఆరుబయటే కాచుకొని, అక్కడే వదిలి రండి. పడక గదిలోకి తేవద్దు. వంటింటి పొగగూడు మూయవద్దు. ఎవరైనా సొమ్మసిల్లితే వెంటనే బయటి గాలికి తెచ్చి 108కి ఫోను చేయండి.

చదువు రాని పొరుగువారికి ఈ మాట మీరే చెప్పండి. గోనె చుట్టకు ఖర్చేమీ లేదు. కుంపటిని వాకిట విడిచిపెట్టడానికీ ఖర్చు లేదు. ఈ రాత్రే మొదలుపెట్టండి.