పలకరిస్తే పలికే తీగ

సాయంత్రం నాలుగయింది. గాజువాకలో మా యింట్లో, కంప్యూటరు ముందు మా మనవరాలు కూచుని వుంది. ఇంజనీరింగు కాలేజీలకి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ రాత్రితో గడువు సరి. పధ్నాలుగు కాలేజీల పేర్లు వరస తప్పకుండా కాగితం మీద రాసుకుంది. మూడు పెట్టిందో లేదో, తెర మీద బొమ్మ కదలకుండా నిలబడిపోయింది.

"తాతయ్యా, నెట్టు పోయింది" అంది. గొంతులో అప్పుడే జీర వచ్చేసింది.

మా ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళింది. కోడలు మా అబ్బాయికి ఫోను చేసింది. నేను కనెక్షను యిచ్చిన కంపెనీకి ఫోను చేశాను. ఎవరి దిక్కు వారిది! కంపెనీ అమ్మాయి ఎంతో మర్యాదస్తురాలు. మోడెము ఆపి మళ్ళీ వెయ్యమంది. వేశాను. మూడుసార్లు వేశాను. "అయితే మీ మోడెమే పాడయి వుంటుంది సార్. రేపు మనిషిని పంపుతాం. కొత్తది కొనుక్కోవలసి రావచ్చు" అంది. రేపటికి మా పిల్ల గడువు దాటిపోతుందని ఆవిడకి చెప్పి ప్రయోజనమేమిటి? పోనీ సెల్‌ఫోనులో చూద్దామంటే, మా వీధి మేడల మధ్య సిగ్నలు ఒక్క గీత దాటి లేవదు.

అప్పుడు గుర్తొచ్చాడు మా మేనల్లుడు. నౌకాదళంలో పనిచేసి విరమించి మల్కాపురంలో కాపురముంటున్నాడు. కబురందగానే స్కూటరెక్కి వచ్చాడు. వస్తూనే మోడెము మీద చెయ్యి వేస్తాడనుకున్నాను. దాని వంకైనా చూడలేదు. కుర్చీ లాక్కుని కూచుని, వెతికే గడిలో సి, ఎం, డి అని మూడక్షరాలు కొట్టాడు. నల్లని కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో బొమ్మల్లేవు, రంగుల్లేవు. మనం అక్షరాలు కొట్టాలి, అది అక్షరాలతోనే బదులు చెప్పాలి. విండోస్ వున్న ప్రతి కంప్యూటరులోనూ యీ కిటికీ వుంటుందట. ఇన్నేళ్ళుగా మా యింట్లో వుందని నాకు తెలియనే తెలియదు.

"మావయ్యా! తీగ పోయిందని అందరూ అంటారు. ఎక్కడిదాకా బాగుందో ఎవరూ అడగరు. అడుగుదాం వుండు" అన్నాడు.

అతను కొట్టిన మొదటి మాట పింగ్. పి, ఐ, ఎన్, జి.

ఈ మాట విశాఖపట్నం వాళ్ళకి కొత్త కాకూడదు నిజానికి. రామకృష్ణా బీచిలో ఒడ్డెక్కి కూచున్న కురుసుర జలాంతర్గామిని మీలో చాలామంది లోపలికంటా వెళ్ళి చూసే వుంటారు. 1969లో నౌకాదళంలో చేరింది. 2001లో విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా వుంది. సముద్రం లోతున చీకటి, కళ్ళు పనిచెయ్యవు. శబ్దమొకటి పంపి, అది ఎదుటి దాన్ని తాకి తిరిగొచ్చేదాకా చెవి వొగ్గి వుండాలి. ఉప్పునీటిలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. రెండు సెకన్లకి ప్రతిధ్వని వినిపించిందంటే అవతలిది కిలోమీటరున్నర దూరంలో వుందన్నమాట. ఆ శబ్దానికి ఇంగ్లీషు వాళ్ళు పెట్టుకున్న పేరే పింగ్. (జలాంతర్గామి మాత్రం ఆ శబ్దం చెయ్యడానికి వెనకాడుతుందని మా మేనల్లుడు చెప్పాడు. చేస్తే తనెక్కడుందో శత్రువుకి తెలిసిపోదూ!)

ఆ పేరు తెచ్చి కంప్యూటరుకి పెట్టినవాడు మైక్ మూస్ అనే అమెరికా ఆయన. అక్కడి సైన్యం వారి బాలిస్టిక్ పరిశోధనాలయంలో పని. 1983 డిసెంబరులో వాళ్ళ నెట్‌వర్కు వింతగా ప్రవర్తించసాగింది. అంతకు ముందు జూలైలో నార్వేలో జరిగిన సమావేశంలో డేవిడ్ మిల్స్ అనే శాస్త్రజ్ఞుడు యిలాంటి ప్రతిధ్వనుల ప్రసక్తి తెచ్చాడు. అది గుర్తొచ్చి, మూస్ రాత్రంతా కూచుని, తెల్లవారేలోగా ప్రోగ్రాము రాసిపారేశాడు. తీరా ఆయన మొదటి పింగ్ పంపేలోపునే తోటి ఉద్యోగి ఒకాయన పాడయిన పరికరాన్ని కనిపెట్టి బాగుచేసేశాడట! రోగం పోయాక దొరికింది మందు. అయినా ఆ మందు యీనాటికీ లోకమంతటా పనిచేస్తోంది.

ఇంకో చమత్కారం కూడా మూస్ స్వయంగా చెప్పుకున్నదే. ఒక కార్యాలయంలో తీగ కాసేపు పలికి కాసేపు మూగబోతోంది. అక్కడి ఉద్యోగి, జవాబు వచ్చినప్పుడల్లా "పింగ్" అని పైకే అరిచేట్టు కంప్యూటరుకి మాట నేర్పి, స్పీకరు గొంతు పెంచి, భవనమంతా తిరుగుతూ ఒక్కొక్క తీగ మొదలూ కదిపి చూశాడు. ఏ మొదలు కదిపినప్పుడు అరుపు ఆగిందో, లోపమక్కడుంది!

మా యింటి సంగతికి వస్తాను. మేనల్లుడు ముందుగా 127.0.0.1 అన్న అంకెని పలకరించాడు. అది ఎవరి కంప్యూటరుకి వారే పెట్టుకునే ముద్దుపేరు లాంటిది. నాలుగు జవాబులూ వచ్చాయి. "నీ కంప్యూటరుకి మతి వుంది మావయ్యా" అన్నాడు. తరవాత 192.168.1.1. అది మా మోడెము చిరునామా. (అందరిదీ అదే కానక్కరలేదు, ఐపీకాన్ఫిగ్ అని కొడితే గేట్‌వే అన్న మాట కెదురుగా మీది చూపిస్తుంది.) మళ్ళీ నాలుగు జవాబులు, ఒక్కొక్క మిల్లీసెకనులో. పాడయిందన్న మోడెము నిక్షేపంలా పలుకుతోంది! ఆ పైన 8.8.8.8. ఇది గూగుల్ వారు 2009లో లోకానికి తెరిచిన సర్వరు. నేను వూపిరి బిగబట్టాను. 30 మిల్లీసెకన్లలో జవాబొచ్చింది.

మేనల్లుడు నవ్వి లెక్క చెప్పాడు. గాజు తీగలో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 30 మిల్లీసెకన్లలో 6,000. రానూ పోనూ గనక, జవాబిచ్చిన యంత్రం 3,000 కిలోమీటర్లకి మించిన దూరంలో వుండడానికి వీల్లేదు. అమెరికా పదివేల పైమాటే. అంటే ఒకే చిరునామా పెట్టుకున్న యంత్రాలు దేశదేశాలా వున్నాయన్నమాట, దగ్గరున్నది పలికింది. కురుసుర లెక్కే యిదీను.

తీగ బతికే వుంది. మరి కాలేజీల సైటు ఎందుకు రాదు? ఈసారి ఎన్, ఎస్, లుకప్ అని కొట్టి పక్కన సైటు పేరు కొట్టాడు. కిటికీ చాలాసేపు ఆలోచించి, గడువు దాటింది, జవాబు లేదంది. "దొరికాడు దొంగ!" అన్నాడు మేనల్లుడు.

మనం కొట్టేది పేరు. యంత్రాలకి కావలసింది అంకె. పేరు చెబితే అంకె వెతికి యిచ్చే గుమస్తాలాంటి సర్వర్లున్నాయి. ఈ ఏర్పాటూ 1983 నాటిదే. కంపెనీ వారి గుమస్తా ఆ సాయంత్రం నిద్రపోయాడు. దారి బాగుంది, బండి బాగుంది, వూరి పేరు చెబితే దారి చూపేవాడు లేడు. కంప్యూటరు సెట్టింగులలో డిఎన్ఎస్ అన్న చోట 8.8.8.8 రాసి, ఆ పని గూగుల్ గుమస్తాకి అప్పగించాడు. సైటు వచ్చింది. మనవరాలు పధ్నాలుగు కాలేజీలూ పెట్టి, సరిచూసి, భద్రం చేసి లేచేసరికి ఏడున్నర.

ఆ రాత్రి భోజనాల తరవాత దాన్ని పక్కన కూచోబెట్టుకుని ట్రేస్‌రూట్ చూపించాడు. విండోసులో టి, ఆర్, ఏ, సి, ఈ, ఆర్, టి. 1987లో వాన్ జాకబ్సన్ రాశాడు. మనం పంపే ప్రతి జాబు మీదా ఒక అంకె వుంటుంది. దారిలోని మజిలీ ఒక్కొక్కటీ అందులోంచి ఒకటి తీసేస్తుంది. సున్నా అయిన చోట జాబుని పారేసి, "నా దగ్గర చచ్చింది" అని కబురంపుతుంది. దారి తప్పిన జాబులు కలకాలం తిరక్కుండా పెట్టిన కట్టడి అది. జాకబ్సన్ దాన్నే ఆయుధం చేసుకున్నాడు. మొదటి జాబుకి ఒకటి, రెండోదానికి రెండు, అలా అంకె పెంచుకుంటూ పంపితే మజిలీలన్నీ తమంతట తామే పేర్లు చెప్పుకుంటాయి! పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. మధ్యలో రెండు వరసల నిండా చుక్కలొచ్చాయి. అక్కడ తెగిందేమో అని నేను కంగారుపడ్డాను. కాదట. కొన్ని మజిలీలు పలకరిస్తే పలకవు, జాబు మాత్రం దాటిస్తాయి. ఆ తరవాతి వరసలు పలికితే పరవాలేదట. మన చుట్టాల్లోనూ వున్నారు లెండి అలాంటివాళ్ళు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, ఫోను పలకక, కరెంటు లేక, మా అబ్బాయి యెక్కడ చిక్కుకున్నాడో తెలియక రెండు రాత్రులు కూచున్నాం. ఆ రోజుల్లో యీ నల్లకిటికీ తెలిసినా లాభం లేకపోను, స్తంభాలే కూలిపోయాయి. కాని ఆ నిశ్శబ్దం నాకు గుర్తుంది. అందుకేనేమో, ఆ సాయంత్రం మోడెము ఒక్క మిల్లీసెకనులో పలికినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు కంపెనీ అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. "మోడెము పలుకుతోందమ్మా, బయటికి దారీ వుంది, మీ పేర్ల సర్వరే పలకడం లేదు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత, "సార్, మీరేం పని చేసేవారు?" అంది. ఉక్కు కర్మాగారంలో జమాఖర్చులు రాసి రిటైరయ్యానని చెప్పాను. మధ్యాహ్నానికల్లా వారి గుమస్తా లేచాడు. కొత్త మోడెము సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పాతదే మా అలమరా మీద మెరుస్తోంది. దసరాకి మా ఆవిడ దాని నుదుట కుంకుమబొట్టు కూడా పెట్టింది.