చర్మముపై మచ్చ, పేరుపై మచ్చ

పదవ తరగతి పరీక్షలకు పేర్లు నమోదుచేయు దినములలో, వికారాబాదు నుండి సదాశివపేటకు పోవు దారినున్న మోమిన్‌పేటలో గాని, మఱియే ఊరిలో గాని, ఉపాధ్యాయుడు పిల్లవాని చొక్కాచేయి పైకి మడిపించి, మెడ ప్రక్కకు త్రిప్పించి, రెండు పుట్టుమచ్చలు వెదకి వ్రాసికొనును. అక్కడ మచ్చ దోషము కాదు, వీడే వాడని చెప్పు సాక్ష్యము. తమిళులు మచ్చమనియు, కన్నడిగులు మచ్చెయనియు పలుకు ఈ దేశ్యపదము దేహముమీది చుక్కకు పేరై యుండియు, ‘వంశమునకు మచ్చ’, ‘మచ్చలేని మనిషి’ యను పలుకుబళ్లలో శీలమునకెక్కినది.

సంస్కృతపదముల నడక మఱొక తీరు. అంకమనగా గుర్తు, కుందేటి గుర్తుగలవాడు గనుక చంద్రుడు శశాంకుడు, ఒకరి పేరు గుర్తుగా నిలిపి కావ్యమును సమర్పించుట అంకితము. లాంఛనమన్నను గుర్తే, నేడది పెండ్లి మర్యాదలకును, ప్రభుత్వము జరుపు అంత్యక్రియల గౌరవమునకును చెల్లుచున్నది. శ్రీవైష్ణవులు కాచిన శంఖచక్రముద్రలను భుజములపై భక్తితో వేయించుకొందురు. ప్రాచీన గ్రీసునందో, పారిపోయి పట్టుబడిన బానిస నొసట సూదులతో పొడిచిన గుర్తునకు ‘స్టిగ్మా’ యని పేరు. పొడుచుట యను క్రియనుండి పుట్టిన ఆ మాటయే నేడు లోకమంతట సాంఘిక కళంకమునకు వాడుకయైనది. కోరి వేయించుకొన్న ముద్ర దీక్షయైనది, బలిమిని వేసిన ముద్ర అవమానమైనది.

మచ్చకుగల రెండర్థములును ఒక్క దేహముననే కలిసినచోటు కుష్ఠువ్యాధి. పేరెత్తుటకు జంకి మనవారు దానిని పెద్దరోగమనిరి. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఇది సూక్ష్మజీవివలన వచ్చునదని కనుగొనినను, పాపఫలమను మాట పోలేదు. నిజాము రాజ్యమున, నిజామాబాదు చెంత డిచ్‌పల్లిలో, స్కాట్లండునుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడు ఔదార్యము తోడుగా, వెలివేయబడినవారికి వైద్యశాల నెలకొల్పినది. ఆ కాలమున చాల్‌ముగ్రా నూనె సూదిమందే దిక్కు. 1980ల నుండి బహుళౌషధ చికిత్స మనకందినది; ఆఱు నెలలో, పండ్రెండు నెలలో మందు మింగినచో వ్యాధి నయమగును. దేహమునుండి రోగము తొలగినంత వేగముగా శాసనమునుండి మచ్చ తొలగలేదు. రోగులను నిర్బంధించుటకు చేసిన 1898 నాటి చట్టము 2016లో గాని రద్దుకాలేదు. కుష్ఠును కారణముగా చూపి విడాకులు కోరు వీలు 2019 వఱకు నిలిచియే యుండెను. మందు చేతికందిన పిమ్మట మూడు దశాబ్దములకు పైగా ఈ నిబంధన నిలిచియుండుట నా దృష్టిలో క్షమింపరానిది.

ఈ వ్యాధిని గుర్తించు పరీక్ష మిక్కిలి సులభము. కన్నులు మూయించి, కలము మొనతో మచ్చను మెల్లగా తాకి, తాకినచోట వ్రేలుంచి చూపుమందురు. చూపలేకున్నచో అది స్పర్శలేని మచ్చ. దానికి నొప్పి లేదు, దురద లేదు. కనుకనే జనులు ఉపేక్షింతురు, చూచినవారేమందురో యని కప్పిపుచ్చుదురు, ఆ జాప్యములోనే నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును.

చదువరులారా! మీ ఇంట ఎవరి మేననైనను పాలిపోయినదో, ఎఱ్ఱనిదో, స్పర్శలేని మచ్చ కనబడినచో దాచకుడు. ఊరి ఆశా కార్యకర్తకు చెప్పుడు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. అచట మందు ఉచితముగా నిత్తురు.