విత్తనం మారితే ఎవరికి తెరిపి?

హైటెక్ సిటీ అద్దాల మేడలు దాటి ముంబయి హైవే ఎక్కితే పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ పొలాలు కనిపిస్తాయి. 1972లో పెట్టిన ఈ పంటల పరిశోధన సంస్థ పనంతా మెట్ట పంటల మీదే: జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ. కొత్త వంగడం వచ్చిందంటే ఎకరాకు ఎన్ని బస్తాలని అడుగుతారు. కోసే ఆడమనిషి నడుము గురించి అడిగేవాళ్లు తక్కువ.

శనగ సంగతే చూడండి. జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంతో కలిసి ఇక్రిశాట్ తెచ్చిన జేజీ 11 రకం 1999లో విడుదలైంది. తొందరగా చేతికొస్తుంది, ఎండు తెగులును తట్టుకుంటుంది. కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో రైతులు ఎగబడి వేశారు. పంటతోపాటు కోత పనీ పెరిగింది. మొక్క పొట్టిది, వంగి పీకాల్సిందే. పైగా శనగ ఆకుల నూగు మీద మాలిక్ ఆమ్లం ఊరుతుంది. పొద్దస్తమానం పీకితే ఆ పులుపుకు అరచేతులు మండిపోతాయి. కోతకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే.

తర్వాత నంద్యాల పరిశోధన కేంద్రం ఎన్‌బీఈజీ 47 తెచ్చింది. ఇది నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది. కాయలు నేలకు అందకుండా పైన కాస్తాయి కాబట్టి కోత మిషన్ దిగుతుంది. సొంత చేలో చాకిరీ చేసే ఇల్లాలికి ఇది పెద్ద తెరిపి. సెంటు భూమి లేని కూలీకి మాత్రం చేతుల మంటతోపాటు ఆ కారు కూలి డబ్బులూ పోయినట్టే. మొదటిది చెప్పి రెండోది మింగేస్తే ప్రచారమే అవుతుంది.

పత్తిలో కథ తిరగబడింది. 2002లో పురుగును తట్టుకునే బీటీ పత్తికి అనుమతి వచ్చాక తగ్గింది మందు కొట్టే పని, అది మగవాళ్లది. దిగుబడి పెరిగిన చోట పెరిగింది ఏరే పని, అది ఆడవాళ్లది. మహారాష్ట్రలోని ఒక ఊళ్లో ఆర్థికవేత్తలు సుబ్రమణియన్, ఖైమ్ చేసిన అధ్యయనంలో ఆడకూలీల రాబడి పెరిగినట్టు తేలింది.

అయితే ఆ పత్తి హైబ్రిడ్ విత్తనం తయారయ్యే గద్వాల వైపు చేలల్లో ఇంకో ముఖం ఉంది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగ రకం మొక్కల పూల పుప్పొడి అద్దాలి. ‘క్రాసింగ్’ అనే ఈ పనికి బడి మాన్పించి ఆడపిల్లల్ని పెడుతున్నారన్న ఆరోపణ ఏళ్ల తరబడి వినిపించింది.

మళ్లీ ముంబయి హైవే మీదికొచ్చి, పటాన్‌చెరు దాటి ఇంకా ముందుకెళ్తే జహీరాబాద్. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. జొన్న, కొర్ర, సామ విత్తనాలు ఆ ఆడవాళ్లే దాచుకుంటారు, ఇచ్చిపుచ్చుకుంటారు. ఏ చేలో ఏది వేయాలో తేల్చేదీ వాళ్లే.