దేవుడు లేడనేవారు ఎందుకు వాదిస్తారు?



మన పద్మాపూర్ గనిలో షిఫ్టు దిగినవాళ్ళు నలుగురు టీ కొట్టు దగ్గర కూర్చుంటే మాటలు ఎక్కడెక్కడికో పోతాయి. జీతాలు, పిల్లల చదువులు, ఊళ్ళో పెళ్ళిళ్ళు అయ్యాక ఎప్పుడో ఒకనాడు దేవుడి మాట వస్తుంది. ఒకాయన దేవుడు లేడంటాడు. పక్కాయనకు కోపం వస్తుంది. "నీకు లేడు, సరే. లేనివాడి గురించి నీకంత గొడవెందుకు? నమ్మేవాళ్ళను నమ్మనియ్యరాదా?" అంటాడు. మూడో ఆయన ఇంకో ప్రశ్న వేస్తాడు. "దేవుడే లేడనుకుంటే ఇక ఈ బతుకెందుకు? మంచేమిటి, చెడేమిటి?"

రెండూ అడగదగ్గ ప్రశ్నలే. వీటి జవాబు కోసం మనం దూరదేశాల తత్త్వవేత్తల దగ్గరికి పోనక్కరలేదు. చంద్రపూర్‌లో నాగపూర్ వైపు పోయే రైలెక్కండి. భాందక్, వరోరా, హింగణ్‌ఘాట్ దాటాక సేవాగ్రాం స్టేషను వస్తుంది. ఆ దగ్గర్లోనే గాంధీగారి ఆశ్రమం ఉంది. 1944 చివర్లో ఒక తెలుగు నాస్తికుడు ఆ ఆశ్రమానికి వచ్చాడు. రోజూ ప్రార్థన చేయనిదే ఉండని గాంధీగారితో దేవుడి గురించే మాట్లాడాడు. ఆ సంభాషణలో మన రెండు ప్రశ్నలకూ జవాబుంది.

ఆయన పేరు గోపరాజు రామచంద్రరావు. గోరా అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1902 నవంబరు 15న, ఇప్పటి ఒడిశాలో ఉన్న ఛత్రపురంలో, ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చదివి కాలేజీల్లో పాఠాలు చెప్పారు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940 ఆగస్టు 10న భార్య సరస్వతిగారితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరు గ్రామంలో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో ఆ కేంద్రం విజయవాడ పటమటకు మారింది.

ముదునూరులో వాళ్ళు పొద్దస్తమానం దేవుడు లేడని చాటింపు వేస్తూ కూర్చోలేదు. పెద్దలకు చదువు చెప్పారు. హరిజనవాడల్లో పనిచేశారు. పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్ళూ కలిసి భోజనం చేసే ఏర్పాటు చేశారు. ఎవరి ఖర్చు వాళ్ళే తలా కొంచెం వేసుకునేవారు. ఆ రోజుల్లో పల్లెటూళ్ళో ఇలా ఒక్క పంక్తిన కూర్చోవడం ఎంత పెద్ద మాటో ఇప్పటి పిల్లలకు చెబితే తప్ప తెలియదు.

గాంధీగారికి గోరా 1930లోనే ఉత్తరం రాశారు. దేవుడనే మాటకు మీరు చెప్పే అర్థం ఏమిటని అడిగారు. దేవుడు మనిషి ఊహకు అందడని జవాబు వచ్చింది. 1941లో మళ్ళీ రాశారు. ఈసారి గాంధీగారు కాస్త గట్టిగానే చెప్పారు. మీకు ఊళ్ళో దొరికిన ఆదరణ మీరు చేసిన సేవ వల్ల వచ్చిందనీ, ఉత్త మాటల కోసం పిలవడానికి తన దగ్గర వ్యవధి లేదనీ ఆయన జవాబు సారాంశం. టీ కొట్టు దగ్గర మన పక్కాయన చిరాకు కూడా ఇదే కదా! ఉత్త మాటలెందుకు?

గోరా ఆ జవాబుకు నొచ్చుకోలేదు, తన పని మానలేదు. 1944లో అవకాశం వచ్చినప్పుడు సేవాగ్రాం వెళ్ళారు. నాస్తికత్వం ఎందుకని గాంధీగారు అడిగితే సృష్టికర్త గురించిన తర్కం ఎత్తుకోలేదు. కలకత్తాలో తాను చూసిన కరువు గురించి చెప్పారు. అది 1943 నాటి బెంగాలు కరువు. లక్షలమంది ఆకలితో పోయారు. మిఠాయి దుకాణాల పక్కనే, పండ్ల బండ్ల పక్కనే మనుషులు కూలిపోయి చనిపోవడం గోరా చూశారు. అదే చోట ఆకలిగొన్న ఎద్దో కుక్కో ఉంటే బెత్తం దెబ్బకు భయపడకుండా మూతి పెట్టి ఉండేది. మనిషి ఎందుకు చేయి చాచలేదు? నా కర్మ ఇంతే, దేవుడు ఇలా రాశాడు అనుకున్నాడు. దుకాణంలో కూర్చున్నవాడూ అలాగే అనుకున్నాడు. అందుకే ఇద్దరికీ అది అన్యాయంగా కనబడలేదు. ఇదీ గోరా వాదం.

నిజానికి ఆ కరువుకు యుద్ధకాలపు ప్రభుత్వ విధానాలు, బియ్యం ధరలు, ఇంకా అనేక కారణాలున్నాయి. చాలా రోజులు తిండి లేనివాడికి చేయి ఎత్తే సత్తువ కూడా ఉండకపోవచ్చు. కాబట్టి గోరా చెప్పిన కారణం ఒక్కటే సరిపోదని మనం అనవచ్చు. కానీ ఆయన ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉంది. ఒక నమ్మకం మనిషిని ఆకలికి తలవంచేటట్టు చేస్తుంటే, ఆ నమ్మకాన్ని ప్రశ్నించకుండా ఊరుకోవచ్చా?

గాంధీగారు తన నమ్మకం మార్చుకోలేదు. అయితే ఇక ఉత్త మాటలన్న మాట తీసుకురాలేదు. తన ఆస్తికత్వమే సరైనదని గానీ గోరా నాస్తికత్వం తప్పని గానీ తాను చెప్పలేనని, ఇద్దరమూ సత్యం వెతుకుతున్నవాళ్ళమేనని ఒప్పుకున్నారు. గోరా పెద్ద కుమార్తె మనోరమకు, దళిత యువకుడైన అర్జునరావుకు సేవాగ్రాంలో పెళ్ళి చేయడానికి అంగీకరించారు. పెళ్ళి తంతులో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పిద్దామన్నారు. ఆ ముహూర్తం దాకా గాంధీగారు బతకలేదు. 1948 జనవరి 30న హత్యకు గురయ్యారు. ఆరు వారాల తర్వాత, మార్చి 13న, అనుకున్నట్టే ఆ పెళ్ళి సేవాగ్రాంలో జరిగింది. ఈ కథంతా గోరా 'యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ' అనే చిన్న ఇంగ్లీషు పుస్తకంలో రాశారు. దాన్ని 1951లో ప్రచురించింది గాంధీగారు స్థాపించిన నవజీవన్ సంస్థే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నాస్తికులు ఎందుకు వాదిస్తారు? గెలవడానికే వాదించేవాళ్ళూ ఉన్నారు. పండగపూట ఎదుటివాడి మనసు నొప్పించి సంతోషించేవాళ్ళనూ మనం చూశాం. వాళ్ళను వదిలేయండి. గోరా వంటివారు వాదించడానికి కారణం ఒకటే. నమ్మకం నమ్మినవాడి దగ్గరే ఆగిపోదు. దాని ఫలితం ఒక్కోసారి పక్కవాడి మీద పడుతుంది. ఆ పక్కవాడి తరఫున ఎవరో ఒకరు నోరు తెరవాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను నాస్తికుణ్ణి కాను. మా ఇంట్లో సాయంత్రం దీపం పెడతారు, నేనూ నమస్కరిస్తాను. కొన్నేళ్ళ కిందట నా తరగతిలో చురుకైన అమ్మాయి ఉండేది. ఉన్నట్టుండి ఫిట్స్ రావడం మొదలైంది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందన్నారు. మంత్రగాడి దగ్గరికి తిప్పడం మొదలుపెట్టారు. అది మెదడుకు సంబంధించిన జబ్బనీ, చాలామందికి మందులతో అదుపులో ఉంటుందనీ నాకు తెలుసు. ఆ పిల్ల తండ్రి బజారులో కనబడితే చెబుదామనుకుని కూడా, వాళ్ళ నమ్మకం వాళ్ళది, మనకెందుకులే అని ఊరుకున్నాను. ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఏడాది గడిచింది. మందులు పడ్డాయి, ఫిట్స్ తగ్గాయి. కానీ ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. నేను ఊరుకోవడాన్ని మర్యాద అనుకున్నాను. దాని ఖర్చు ఆ పిల్ల భరించింది. ఆ తండ్రితో ఆ రోజు వాదించి ఉండవలసింది.

ఇక బాణామతి సంగతి. తెలుగులో బాణామతి అంటాం, మరాఠీలో భానామతి అంటారు. రెండు భాషలవాళ్ళం కలిసి బతికేచోట ఆ భయం కూడా ఉమ్మడి సొత్తయింది. 2021 ఆగస్టులో మన జిల్లాలోనే, జివతీ తాలూకా వణీ ఖుర్ద్ గ్రామంలో, ఇదే అనుమానంతో ముసలివాళ్ళనూ ఆడవాళ్ళనూ కూడా కట్టేసి కొట్టారు. కొట్టినవాళ్ళు వాళ్ళ ఊరివాళ్ళే. అప్పటికి మహారాష్ట్రలో దీనికి వ్యతిరేకంగా చట్టం కూడా ఉంది. ఆ చట్టం కోసం ఏళ్ళ తరబడి పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు. ఆ ఏడాదే చట్టం వచ్చింది. అందులో పూజల మీద, యాత్రల మీద ఏ నిషేధమూ లేదు. చేతబడి పేరుతో, మహిమల పేరుతో మనుషులను హింసించడం, మోసగించడం మాత్రమే నేరం. కానీ చట్టం పోలీసుస్టేషను దాకా తీసుకుపోగలదు. తలలోని భయాన్ని తీయాలంటే మాట్లాడక తప్పదు.

మాటతో పాటు చేసి చూపడం కూడా గోరా దంపతుల పద్ధతి. గర్భిణి గ్రహణం వేళ కదిలితే బిడ్డ అవకరంతో పుడుతుందని మన ఇళ్ళలో భయపెడతారు. సరస్వతిగారు గర్భవతిగా ఉండి గ్రహణం వేళ మామూలుగా తిరిగారు. బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. నిప్పుల మీద నడవడం మహిమ కాదని చూపడానికి నాస్తిక కేంద్రంవాళ్ళు తామే నిప్పుల మీద నడిచారు. బూడిద కమ్మిన కట్టెబొగ్గు వేడిని త్వరగా వదలదు. పాదం దాన్ని తాకేది క్షణకాలమే. ఆగకుండా నడిస్తే సాధారణంగా కాలదు. ఇది తెలిశాక గుండం తొక్కేవాడి ధైర్యాన్ని మెచ్చుకుంటాం గాని వాడు చెప్పిందల్లా వినం. శ్రోతల్లో పిల్లలుంటే దీన్ని చేసి చూడవద్దని మనవి.

ఇక రెండో ప్రశ్న. దేవుడు లేకపోతే బతుకుకు అర్థమేమిటి? గోరా దీన్ని తిరగేసి చూశారు. అంతా పైవాడు నడిపిస్తున్నాడనుకుంటే పక్కవాడి కష్టానికి నాకు పూచీ లేదు. పైన ఎవరూ లేరనుకుంటే నేను స్వతంత్రుణ్ణి. అప్పుడు నేను చేసినదానికీ చేయనిదానికీ నాదే జవాబుదారీ. ఆ జవాబుదారీలోనే ఆయనకు బతుకు అర్థం దొరికింది. ఇది ఆ ఇంట్లో తరువాతి తరం దాకా సాగింది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఆయన భార్య హేమలత, మహాకవి జాషువా కుమార్తె. ఆ దంపతులు స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్రతో బతుకుతున్న కుటుంబాల మధ్య పనిచేశారు. నిజామాబాద్ జిల్లాలో జోగిని ఆచారానికి వ్యతిరేకంగా పనిచేశారు. దేవుడి పేరుతో విడిచిన ఆడపిల్లల బతుకులు నిలబెట్టడం కంటే అర్థం ఇంకేం కావాలి?

ఆ మాటకొస్తే మన చంద్రపూర్‌కు ఈ విషయం కొత్తది కాదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన డాక్టర్ అంబేడ్కర్, 16న మన చంద్రపూర్ వచ్చి ఇక్కడి జనానికి దీక్ష ఇచ్చారు. బౌద్ధంలో సృష్టికర్తకు చోటు లేదు. శీలానికి, కరుణకు చోటుంది. మన ఇరుగుపొరుగుల్లో ఎన్నో కుటుంబాలు అలా బతుకుతూనే ఉన్నాయి. ఆపదలో మనకు సాయం వస్తూనే ఉన్నాయి.

చావు సంగతేమిటంటారా? అదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. దేవుడి దగ్గరికి పోయాడన్న మాటలో ఒక ఓదార్పు ఉంది. నాస్తికుడు ఆ మాట చెప్పలేడు. చెప్పలేడు గనుక అతను చేయగలిగింది, వెళ్ళి పక్కన కూర్చోవడం, పోయినవాడి పిల్లల చదువు సంగతి చూడడం. ఆస్తికుడైనా చేయవలసింది ఇదే కదా. గోరా 1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే కన్నుమూశారు. సరస్వతిగారు 2006లో పోయేదాకా ఆ పని నడిపించారు.

కాబట్టి ఈసారి టీ కొట్టు దగ్గర ఎవరైనా దేవుడు లేడంటే వెంటనే కోప్పడకండి. నీ వాదన వల్ల ఎవరికి మేలని ఒక్క మాట అడగండి. అలాగే లేడనే అన్న కూడా ఎదుటివాడిని వెక్కిరించకుండా, నీ నమ్మకం వల్ల ఎవరికైనా దెబ్బ తగులుతోందా అని అడిగితే చాలు. సేవాగ్రాంలో ఆ ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించలేకపోయారు. అయినా కలిసి ఒక పెళ్ళి తలపెట్టారు. మన టీ కొట్టు దగ్గర నలుగురూ కలిసి ఫిట్స్ వచ్చే ఒక్క పిల్లను వేళకు ఆసుపత్రికి చేర్చగలిగినా ఆ చర్చ దండగ కాదు.