ఒక కళాశాల విడిచి మఱియొక కళాశాలకు

కొంతకాలము క్రిందట నా పూర్వశిష్యుఁడొకఁడు వచ్చి, "పంతులుగారూ, మావాఁడు అమెరికాలో నొక విశ్వవిద్యాలయమున మొదటి సంవత్సరము చదువుచున్నాఁడు. అది విడిచి హార్వర్డునకో ప్రిన్స్‌టనునకో పోవలెనని పట్టుపట్టినాఁడు. ఎట్లును విడిచిపోవువాఁడను గదా యని, అచ్చటి గురువులతోఁ బరిచయమైనను జేసికొనలేదు. ఏమి చెప్పుదురు?" అని యడిగెను. నేను జెప్పిన సమాధానమే నేఁడు మీకును మనవి చేసెదను.

ఆ దేశమున నిట్టి మార్పు వింత గాదు. పట్టమునకు సామాన్యముగా నాలుగేండ్లు చదువవలయును. ఒకచోట మొదలిడి మఱియొకచోట ముగించువారు పెక్కురు. బరాక్ ఒబామా లాస్ ఏంజిలీసునందలి ఆక్సిడెంటల్ కళాశాలలో రెండేండ్లు చదివి, 1981లో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయమునఁ జేరి, 1983లోఁ బట్టభద్రుఁడయ్యెను. కాలిఫోర్నియా రాష్ట్రము 1960లో నొక విద్యాప్రణాళిక నేర్పఱచి, ప్రాంతీయ కళాశాలలలోఁ జదివినవారు రాష్ట్ర విశ్వవిద్యాలయమునఁ జేరుటకు రాజమార్గము వేసెను.

అయినను మిక్కిలి పేరొందిన విద్యాలయముల ద్వారములు మాత్రము కడు నిఱుకైనవి. అచ్చట మొదటి యేఁటఁ జేరినవారు విడిచిపోవుట యరుదు. స్థానములు ఖాళీ కావు. వసతిగదుల కొఱతవలన హార్వర్డు 2008లో నీ ప్రవేశమును రెండేండ్లపాటు నిలిపివేసెను. ప్రిన్స్‌టను 1990 తరువాతఁ బెక్కేండ్లు ఇతర కళాశాలలవారిని జేర్చుకొననే లేదు. 2018లో మరలఁ దలుపు తెఱచినప్పుడు 1,429 దరఖాస్తులు రాఁగా 13 మందికి మాత్రమే ప్రవేశము లభించెను.

ఇంక నా ద్వారమును దెఱచు తాళపుఁజెవి యేది? ఇప్పుడున్న కళాశాలలోని చదువే. అచ్చటి మార్కులను జూతురు; అచ్చటి అధ్యాపకుల యోగ్యతాపత్రముల నడుగుదురు; ఏల మారఁగోరుచున్నావో వ్రాయుమందురు. "మీ కళాశాల పేరు గొప్పది" యనుట తగిన హేతువు గాదు. "నేను నేర్వఁదలఁచిన శాస్త్రము ఇచ్చట లేదు, మీయొద్దఁ గలదు" అనుట హేతువు.

చేరినంతనే చిక్కులు దీఱవు. వెనుక చదివిన పాఠములన్నియుఁ గ్రొత్తచోట లెక్కకు రాకపోవచ్చును. అప్పుడు కాలమును ధనమును అధికముగా వ్యయమగును. హార్వర్డునఁ జేరినవారు తక్కువపక్షము రెండేండ్లు అచ్చటనే చదువవలయునని నియమము గలదు.

కావున నా శిష్యునితో నిట్లంటిని: "నాయనా, అబ్బాయిని దరఖాస్తు పెట్టవలదనకుము. కాని మూట గట్టుకొని గడపలోఁ గూర్చుండవలదని వ్రాయుము. ఏ గురువుల ముఖము చూడకున్నాఁడో వారి పత్రమే వానికిఁ గావలసియున్నది. ఉన్నచోటఁ జక్కఁగాఁ జదివినచో నా చదువు వానిని గోరినచోటికిఁ గొనిపోవచ్చును. కొనిపోకున్నను, వానియొద్దనే నిలుచును."