ముల్లు మధ్యలో ఉన్నా పంచమం ఎందుకు కలవదు? కంప్యూటర్‌లో శ్రుతి సాఫ్ట్‌వేర్ సంగతులు

వీణ శ్రుతి చేసుకోవడానికి ఇంట్లోని కంప్యూటర్‌ను వాడేవారు ఉన్నారు. ట్యూనర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, తీగె మీటి, తెర మీది ముల్లు మధ్యకు వచ్చేదాకా బిరడ తిప్పుతారు. కానీ ఒక్కోసారి ముల్లు సరిగ్గా మధ్యలో ఉన్నా పంచమం కలిసినట్టు అనిపించదు. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని దాన్ని తీసేసి మళ్లీ పెట్టినా అదే తీరు. చాలాసార్లు లోపం సాఫ్ట్‌వేర్‌ది కాదు, వీణదీ కాదు.

మైక్రోఫోన్ నుంచి వచ్చే ధ్వనిని కంప్యూటర్ సాధారణంగా సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. వాటిలో ఒకే ఆకారం ఎంతసేపటికి తిరిగి వస్తోందో పట్టుకుంటే తీగె పౌనఃపున్యం తెలుస్తుంది. ఇది చెప్పినంత తేలిక కాదు. 4,096 కొలతలు, అంటే సెకనులో పదో వంతు కూడా లేని ధ్వనిని తీసుకుని ఫోరియర్ పద్ధతిలో విడగొడితే దాదాపు 10.8 హెర్ట్జ్‌ల అంతరంతోనే విలువలు దొరుకుతాయి. మూడు శ్రుతిలో ఉన్న వీణకు పంచమం తీగె 123 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అక్కడ ఒక స్వరస్థానానికీ దాని పైదానికీ తేడా 7.3 హెర్ట్జ్ మాత్రమే! అందుకే ట్యూనర్లు మరికాస్త ఎక్కువసేపు వింటాయి, లేదా ధ్వనిని కొద్దికొద్దిగా జరిపి దానితోనే పోల్చే లెక్కలు వాడతాయి. మంద్ర తీగెలకు ముల్లు నిదానంగా కదలడానికి ఇదీ ఒక కారణం.

అసలు చిక్కు స్వరాల లెక్కలో ఉంది. చాలా ట్యూనర్లు పియానో పద్ధతిలో స్థాయిని 12 సమాన భాగాలు చేస్తాయి. ఒక్కో భాగం 100 సెంట్లు, పంచమం 700 సెంట్ల దగ్గర. చెవి కోరేది 3:2 నిష్పత్తి, అది 702 సెంట్లు. సారణి 164.8 హెర్ట్జ్‌లో ఉంటే ట్యూనర్ పంచమం తీగెను 123.5 దగ్గర ఆపుతుంది, ఉండాల్సింది 123.6. తేడా స్వల్పమే. అయినా రెండు తీగెలూ కలిపి మీటితే, వాటి అనుస్వరాలు ఢీకొని రెండు సెకన్లకొకసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది. అంతర గాంధారంలో అయితే తేడా ఏకంగా 14 సెంట్లు. ఇక్కడ చెవి మాటే నిజం.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఆధార శ్రుతినీ స్వరాల నిష్పత్తులనూ మార్చుకునే వీలుందా అని చూడాలి. లినక్స్‌లో ఉచితంగా దొరికే ‘లింగాట్’ అలాంటిది. ‘గిటారుకు మాత్రమే పరిమితం కాని ట్యూనర్’ అన్న అర్థం ఆ పేరులోనే ఉంది. ఏదైనా సరే, తయారుచేసినవారి సైట్ నుంచో, సిస్టమ్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ భండారం నుంచో దింపుకోవాలి.

విండోస్‌లో పెట్టాక ముల్లు అసలు కదలకపోతే, ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్రోఫోన్ అనుమతి ఉందో లేదో చూడండి. కదిలి వెంటనే పడిపోతుంటే మైక్రోఫోన్ సెట్టింగుల్లో ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ ఆపేయండి. మాటలు స్పష్టంగా వినిపించడానికి పెట్టిన ఆ ఏర్పాటు ఫ్యాన్ హోరును అణచినట్టే తంబుర నాదాన్నీ అణచేస్తుంది. దానికి రెండూ ఒకటే, మార్పు లేని మోత.

ఇక తీసేయడం. విండోస్‌లో ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’ జాబితాలోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ప్రోగ్రామ్ పోతుంది. మీరు మార్చిన ఆధార శ్రుతి మాత్రం తరచు ‘యాప్‌డేటా’ అనే దాగిన ఫోల్డర్‌లో మిగిలిపోతుంది. మళ్లీ పెట్టగానే పాత అంకె తిరిగి వచ్చేది అందుకే. ప్రామాణికమైన 440 బదులు ఎప్పుడో పొరపాటున 432 నొక్కి ఉంటే, ఎన్నిసార్లు తీసి పెట్టినా ప్రతి స్వరాన్నీ 32 సెంట్లు తక్కువ దగ్గరే ఆపుతుంది. ముందు సాఫ్ట్‌వేర్‌లోనే ‘రీసెట్’ ప్రయత్నించడం మేలు. మ్యాక్‌లో ప్రోగ్రామ్‌ను ట్రాష్‌లోకి లాగినా లైబ్రరీ ఫోల్డర్‌లోని ప్రిఫరెన్సెస్ అలాగే ఉంటాయి. ఉబుంటు వంటి లినక్స్‌లలో ‘రిమూవ్’ బదులు ‘పర్జ్’ వాడితే సిస్టమ్ అంతటికీ చెందిన సెట్టింగులు పోతాయి. మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్నవి మాత్రం మీరే వెతికి తొలగించుకోవాలి. విండోస్‌లో ట్యూనర్ కోసమే మైక్రోఫోన్ అనుమతి ఇచ్చి ఉంటే అదీ దానంతట అది రద్దు కాదు, వెనక్కి వెళ్లి ఆపేయాలి.