చర్మఖండమున రక్తప్రసారము

విద్యార్థులారా! మన బెంగుళూరులోని టిప్పుసుల్తాను వేసవి సౌధమును మీరు చూచియే యుందురు. అది పూర్తియైన 1791 ప్రాంతమున మైసూరు యుద్ధము జరుగుచుండెను. ఆంగ్లసైన్యమున ఎద్దులను తోలు కవాస్జీ అనువాడు 1792లో టిప్పు సైన్యమునకు బందీగా చిక్కి, ముక్కును, ఒక చేతిని కోల్పోయెను. ఏడాది పిమ్మట పూనా సమీపమున ఇటుకలు చేయు కులమువాడొకడు అతనికి క్రొత్త ముక్కు నమర్చెను. ఈ వృత్తాంతము 1794లో లండను పత్రికయందు అచ్చుపడినది.

ఆ నేర్పరి మైనముతో ముక్కు ఆకారమును చేసి, దానిని నుదుటిపై పరచి, ఆ మేరకు చర్మము నొలిచి క్రిందికి త్రిప్పెను. కాని కనుబొమల నడుమ సన్నని చర్మపుపట్టీని కోయక విడిచెను. దానిగుండ నెత్తురు ప్రవహించి ఖండమును బ్రతికించెను. క్రొత్తచోట నాళములు అల్లుకొనిన పిదప, ఇరువదియైదవ దినమున, ఆ పట్టీని తెంచిరి.

పైరునకు నీరు రాకున్న ఎండును. మురుగు పోకున్న కుళ్ళును. చర్మఖండమును అట్టిదే. నేడు ఖండమును పూర్తిగా వేరుచేసి, వెండ్రుకకంటె సన్నని దారముతో నాళములను కుట్టుచున్నారు. తొలి రెండు మూడు దినములలో నాళము మూసుకొను భయము హెచ్చు. కొలది గంటలలో కనిపెట్టినచో రక్షింపవచ్చును; ఆలస్యమైనచో ఖండము చచ్చును.

కనిపెట్టుట యెట్లు? వ్రేలితో నొక్కి విడిచినచో రెండు మూడు సెకండ్లలో రంగు తిరిగి రావలెను. ఖండము పాలిపోయి, చల్లబడి, రంగు ఆలస్యముగా వచ్చినచో నెత్తురు చేరుటలేదని గుర్తు. నీలమై, మిక్కిలి త్వరగా వచ్చినచో నెత్తురు వెలుపలికి పోవుటలేదని గుర్తు. మనవంటి చామనచాయ వారిలో ఈ మార్పు సులభముగా కానరాదు. కావున యంత్రసాహాయ్యము కావలసివచ్చెను.

సమీపించు రైలు కూత హెచ్చుస్వరముతోను, దూరమగు రైలు కూత తగ్గుస్వరముతోను వినబడును గదా! ఇట్టి మార్పునకు కారణమైన సూత్రమును 1842లో డాప్లరు అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. కదలు రక్తకణములకు తగిలి మరలు అతిధ్వని తరంగములును అట్లే మారును. వైద్యులు ఆ మార్పును చెవులార విందురు. లేజరు కాంతితోడను ఇట్లే కొలుతురు. నరములోని కెక్కించిన ఒక పచ్చని రంగుమందు, నెత్తురు చేరినంతమేర ప్రత్యేకపు కెమెరాలో మెరయును.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ యింట నెవరికైన ఇట్టి చికిత్స జరిగినచో, ఆ భాగముపై ఒత్తిడి పడనీయకుడు. రోగిని పొగ త్రాగనీయకుడు, ఏలయన అది నాళములను కుదించును. రంగు మారినట్లు తోచినచో, అర్ధరాత్రియైనను సంకోచింపక నర్సును పిలువుడు. యంత్రములెన్ని యున్నను, మేలుకొనియున్న కన్నే మొదటి కాపరి.